తాబేలుకి దణ్ణం పెట్టింది మా ఆవిడ కాదు

ఒక మనిషి ఒకే ఒక్క ఉదయం, అదీ టిఫినుకీ భోజనానికీ మధ్య వ్యవధిలో, అమాయకమైన ప్రాణిని కాలితో తన్ని, అమెరికా ప్రభుత్వపు చట్టాన్ని అతిక్రమించి, పసిఫిక్ మహాసముద్రాన్ని ఇంచుమించు సగం తాగేసి, ఆ నేరాన్నంతా కట్టుకున్న భార్య నెత్తిన పెట్టగలడా? గలడు. ఆ మనిషిని నేనే.

అమెరికాలో మేముండే పార్సిప్పనీలో మమ్మల్ని ఎరిగినవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. పదకొండేళ్ళుగా తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలోనూ, పుట్టినరోజు పార్టీలలోనూ, ఒకసారి సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం పంచుతుండగానూ నేనే చెబుతూ వచ్చాను. "మా ఇందు హవాయిలో తాబేలుకి దణ్ణం పెట్టబోయి మునిగిపోతుంటే, నేను ఈదుకుంటూ వెళ్ళి లాక్కొచ్చాను" అన్నది దాని సారాంశం. వినేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మా ఆవిడకి 'కూర్మం వదిన' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ కథలో తాబేలు నిజం. సముద్రం నిజం. మిగతాదంతా అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మార్చి చదువుకోవాలి. పోయిన నెలలో మాకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఇక నిజం రాసెయ్యవచ్చని ధైర్యం చేస్తున్నాను. తాబేలుకీ గ్రీన్ కార్డుకీ ఏమిటి సంబంధం అంటారా? ఆ ప్రశ్న నేను ఆ రోజే వేసుకుని ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

మా ఆవిడ పేరు ఇందుమతి. ఎం.ఎస్సీ. జువాలజీ. అప్పట్లో ఆవిడది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మా అమ్మాయి మేఘకి తొమ్మిదేళ్ళు. పిల్ల కోసమని లైబ్రరీ నుంచి చేపల పుస్తకాలు తెచ్చేది. పిల్ల బొమ్మలు చూసి అవతల పడేసేది, తల్లి మాత్రం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివేది. ఒకరోజు వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏవండీ, హవాయిలో ఓ అగ్నిపర్వతం ఉందిట. సముద్రంలో మునిగిపోయి అంచు మాత్రం నెలవంకలా పైకి కనిపిస్తుందిట. దాని కడుపులో ఇప్పుడు చేపలు కాపురం ఉంటున్నాయిట."

"అద్దె ఎంతట?" అన్నాను.

"నవ్వులాట కాదు. నేను చూడాలి. ఫొటోల్లో కాదు, దిగి చూడాలి."

పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ తనకోసమని నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సరే అన్నాను. 'సరే' అనడంలో నాకెప్పుడూ లోటు లేదు.

దిగాలంటే ఈత రావాలి. ఆ వేసవిలో మా టౌన్ పూల్‌లో మొదటి మెట్టు క్లాసులో చేరింది. ఆ క్లాసులో మిగతా ఏడుగురికీ పాలపళ్ళు ఊడుతున్నాయి. నల్లటి లెగ్గింగ్స్ మీద పొడుగు చేతుల ఈత జాకెట్టు వేసుకుని, ముప్ఫై ఐదేళ్ళ జువాలజీ పట్టభద్రురాలు ఆ పిల్లల పక్కన పూల్ అంచు పట్టుకుని నీళ్ళలో బుడగలు ఊదింది. "ఇందు ఆంటీ, కళ్ళు మూసుకోకూడదు!" అని వాళ్ళు ఆవిడకి పాఠాలు చెప్పేవాళ్ళు. మంచు పడే రోజులు వచ్చేసరికి ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదేసేది. నీళ్ళలో మనిషి మునిగిపోతుంటే ఎలా కాపాడాలో, ఎలా పట్టుకుని లాక్కురావాలో కూడా నేర్చుకుంది.

మరి నేనో? "నాకు ఈత నేర్పాలా? కాలవ పక్కన పుట్టినవాణ్ణి!" అన్నాను. పుట్టిన మాట నిజమే. కాలవ పక్కన పుట్టినవాళ్ళందరికీ ఈత వచ్చేస్తే, కచేరీ పక్కన పుట్టినవాళ్ళందరూ కలెక్టర్లు కావాలి. ఆ కాలవలో నేను చేసిందల్లా మోకాటి లోతులో చేతులు నేలకి ఆనించి కాళ్ళు కొట్టడం. గట్టు మీదనుంచి చూసేవాళ్ళకి ఈతలా కనిపించేది. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి నాకూ ఈతలాగే గుర్తుండిపోయింది.

"మీ కళ్ళజోడు మైనస్ సిక్స్ కదండీ. పవర్ ఉన్న ఈత మాస్క్ దొరుకుతుందిట, ఆర్డర్ చేయనా?" అని అడిగింది ఇందు.

"సముద్రంలో చదవడానికి బోర్డులేమైనా ఉంటాయా?" అన్నాను.

ఆ వయసులో నాకిలాంటి జవాబులు తెగ వచ్చేవి. జుట్టుతో పాటు అవీ ఇప్పుడు పలచబడ్డాయి.

డిసెంబరు సెలవులు. మౌయి దీవిలో తెల్లారగానే బోటెక్కాం. రేవు దాటామో లేదో తిమింగలాలు. అల్లంత దూరంలో ఇల్లంత వీపు లేచి, ఫౌంటెన్‌లా ఊపిరి వదిలి, తోకతో నీళ్ళని ఒక్క చరుపు చరిచి మాయమైపోయేది.

"నాన్నా, బేబీ వేల్! అక్కడ, అక్కడ! నువ్వు రాంగ్ సైడ్ చూస్తున్నావ్!" అని మేఘ కేకలు.

నేను కెమెరా తీసి ముప్ఫై ఫొటోలు కొట్టాను. ముప్ఫైలోనూ తిమింగలం అప్పుడే వెళ్ళిపోయిన నీళ్ళు ఉన్నాయి.

బోటులో మలీయా అని గైడు. యాభై దాటిన మనిషి, నెరిసిన జడ, తిమింగలాలు కూడా ఆగి వినేంత గొంతు. అందరికీ తలా ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చింది. మీద ఇరవై నాలుగు బొమ్మలు, చూసినదాని పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఒక పెన్సిలు. ఇందు ఆ కార్డుని హాల్ టిక్కెట్టులా పట్టుకుంది. అందులో హుముహుమునుకునుకుఆపుఆ అని ఒక చేప ఉంది. ఆ పేరుని ఆవిడ దండకం చదివినట్టు ఒక్క ఊపిరిలో అనేసింది. మలీయా చప్పట్లు కొట్టింది.

తర్వాత మలీయా మూడు నిబంధనలు చెప్పింది. పగడపు దిబ్బల మీద నిలబడకూడదు. చేపల వెంట పడకూడదు. తాబేలుని ముట్టుకోకూడదు. "ఇది నేను పెట్టిన రూలు కాదు, ఫెడరల్ లా," అంది.

వీసా మీద బతికినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 'ఫెడరల్' అన్న మాట చెవిన పడితే మా వెన్నెముకలు వాటంతటవే నిటారుగా అవుతాయి. స్పీడ్ టికెట్ వస్తే ముందు లాయరుకీ తర్వాత పెళ్ళానికీ ఫోన్ చేసే జాతి మాది. అప్పటికి మా గ్రీన్ కార్డు ఫైల్ కదలడం మొదలుపెట్టింది. ఆ ఫారాల్లో, మీరు ఎప్పుడైనా ఏ చట్టాన్నైనా ఉల్లంఘించారా అని ఒక ప్రశ్న ఉంటుంది. లాయరు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. నేను రెండుసార్లూ "అయ్యో, లేదండీ!" అని చెవులు పట్టుకున్నాను.

మామూలుగా ముందు అగ్నిపర్వతం, తర్వాత తాబేళ్ళ చోటు. ఆ రోజు అక్కడ బోట్ల రద్దీ ఎక్కువగా ఉందని కెప్టెన్ వరస తిరగేశాడు. ముందు తాబేళ్ళు.

కళ్ళజోడు ఇందు సంచిలో పెట్టి, మాస్క్ తగిలించుకుని, ఊపిరి పీల్చే స్నోర్కెల్ గొట్టం నోట్లో కరుచుకుని, కాళ్ళకి బాతు పాదాల్లాంటి రబ్బరు ఫిన్స్ తొడుక్కుని, నడుముకి తేలే బెల్టు కట్టుకుని నిచ్చెన దిగాను. నిండా మునిగినవాడికి చలి ఉండదంటారు. ఆ సామెత కట్టినవాడు డిసెంబరులో పసిఫిక్‌లో దిగి ఉండడు.

ఇందు జారుతున్న సబ్బులా వెళ్ళిపోయి, వెనక్కి తిరిగింది. "ఏవండీ, బానే ఉన్నారా?"

"నాకేం!" అన్నాను. నోట్లో గొట్టం ఉంది కాబట్టి అది "బ్లుబ్లుమ్" అని వినిపించింది.

కింద అంతా నల్లటి లావా రాళ్ళు. నాకు రాళ్ళుగా కూడా కనిపించలేదు, కాఫీ ఒలికిన మరకల్లా ఉన్నాయి. భయం దాచుకోవడానికి గట్టిగా కాళ్ళు కొట్టాను. కుడి కాలు ఠపీమని ఒక రాయికి తగిలింది.

రాయి తల తిప్పి నా వంక చూసింది.

ఇప్పుడు మీరు నా స్థానంలో ఉండి ఆలోచించండి. ఎదురుగా భోజనాల బల్లంత తాబేలు. సాక్షాత్తూ కూర్మావతారం. దాన్ని కాలితో తన్నాను. పుస్తకానికి కాలు తగిలినా, చీపురుకి తగిలినా, బస్సులో పక్కవాడి కాలు తొక్కినా మనం ఏం చేస్తాం? చెయ్యి చాపి తాకి కళ్ళకద్దుకుంటాం. ఆలోచించి చేస్తామా? చెయ్యి దానంతటది చేసేస్తుంది. ఫెడరల్ చట్టం నా బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. వంగి, తాబేలు డిప్పని మూడు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళని భక్తిగా కళ్ళ దగ్గరికి తెచ్చాను. మధ్యలో మాస్క్ అడ్డం వచ్చింది.

కళ్ళకద్దుకోవాలంటే మాస్క్ ఎత్తాలి కదా. ఎత్తాను.

తాబేలుని తన్ననేల, కళ్ళకద్దుకోనేల? ముక్కులోంచీ నోట్లోంచీ సముద్రం లోపలికొచ్చేసింది. తాబేలు నన్ను క్షమించినట్టే నిదానంగా వెళ్ళిపోయింది. సముద్రం క్షమించలేదు. నడుముకి బెల్టు తేలుస్తూనే ఉంది, కానీ మునుగుతున్నానని ఒకసారి నిర్ణయించుకున్నవాణ్ణి ఏ బెల్టు ఒప్పించగలదు? చేతికి దొరికిన దాన్ని వాటేసుకున్నాను. అది ఇందు మెడ.

ఆవిడ అరవలేదు. నా చేతులు విడదీసి, నన్ను వెల్లకిలా తిప్పి, గడ్డం కింద చెయ్యి పెట్టింది.

"కాళ్ళు కొట్టకండి. ఆకాశం చూడండి. నేను పట్టుకున్నాను. నేను పట్టుకునే ఉన్నాను."

పాలపళ్ళ పిల్లలతో కలిసి నేర్చుకున్న చదువు అది. నన్ను బోటు నిచ్చెన దాకా అలాగే లాక్కొచ్చింది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన కథలో లాగినవాణ్ణి నేను. లాగబడినవాణ్ణి నేనని ఇందుమూలంగా రాసి ఇస్తున్నాను.

పైనుంచి ఈల మోగింది. "మీ ఇద్దరిలో తాబేలుని ముట్టుకున్నదెవరు?" అంది మలీయా.

దొంగకి తేలు కుట్టినా నయమే, తేలుకి ఫెడరల్ చట్టం లేదు. నిచ్చెన పట్టుకుని, దగ్గుతూ, తెలుగులో గుసగుస మొదలుపెట్టాను.

"ఇందూ, అయిపోయింది."

"ఏమైంది? ఊపిరి ఆడట్లేదా?"

"ఫెడరల్! ఫారంలో రాయాలి. రాస్తే కార్డు పోతుంది. సామాను సర్దుకోమంటారు."

"తాబేలుని ముట్టుకున్నందుకా?"

"వాళ్ళకి తాబేలైనా ఒకటే, ఏనుగైనా ఒకటే! లాయరుకి ఏమని చెప్పను? దణ్ణం పెట్టానని చెప్పనా?"

"ముందు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి."

"ఫైల్ నా పేరు మీద ఉంది. నేను ప్రైమరీ అప్లికెంట్‌ని ఇందూ!"

ఆ మాట అన్నది నేనే. నన్ను కాపాడి ఇంకా ఆయాసపడుతున్న మనిషితో అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

"సరే. నేను డిపెండెంట్‌ని కదా," అని చెయ్యి పైకెత్తింది. "నేనే, మేడమ్."

"అమ్మా, బట్ నాన్న కదా..." అంది పక్కనే తేలుతున్న మేఘ.

"నువ్వు పైకెళ్ళి జ్యూస్ తాగు," అంది ఇందు.

బోటెక్కాక మలీయా ఎందుకలా చేశావని అడిగింది. ఇందు తన ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పింది: మాలో కాలు దేనికి తగిలినా, తాకి క్షమాపణ అడుగుతాం, చెట్టైనా, పుట్టైనా, పుస్తకమైనా. మలీయా ఆవిడ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. నాకు మొహం సరిగ్గా కనిపించలేదు గానీ చాలాసేపు చూసింది.

"మంచి అలవాటు," అంది చివరికి. "కానీ రూలు రూలే. ముట్టుకున్నవాళ్ళు తర్వాతి చోట నీళ్ళలో దిగకూడదు. బోటులోనే కూర్చోవాలి."

తర్వాతి చోటంటే అగ్నిపర్వతం.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. 'అమ్మా, ఆవిడ కాదు, నేను' అని నాలుగు ముక్కలు. ఇందు ఒళ్ళోని కార్డు వంక చూస్తూ దాని మూల గోటితో గీరుతోంది. నేను ఏం చేశానంటారా? సీసా మూత తెరిచి మంచినీళ్ళు తాగాను.

నెలవంకలాంటి ఆ నల్లటి అంచు దగ్గర బోటు ఆగింది. అందరూ దుమికారు.

"మీరూ వెళ్ళండి," అంది ఇందు.

"నువ్వు లేకుండా నేనెలా వెళ్తాను?"

"ఇద్దరం మానేస్తే ఏం లాభం? నా బదులు చూసి రండి. కార్డులో ఉన్నవన్నీ. ఒక్కటీ వదలకుండా చూసి నాకు చెప్పాలి."

"నేను అమ్మతో ఉంటా," అంది మేఘ.

మలీయా నా దగ్గరికి వచ్చి స్వయంగా బెల్టు సరిచేసి, వెనకాల గట్టిగా బిగించింది. మర్యాద అనుకున్నాను.

దిగాను. ఏం కనిపించిందని అడగకండి. పసుపు మరకలు, నీలం మరకలు. ఎవరో కుంచెలు కడిగిన నీళ్ళలా ఉంది. ఎంత తన్నుకున్నా బోటు నుంచి పది గజాలు దాటలేకపోయాను. ప్రవాహం బలంగా ఉందనుకున్నాను. ఇక చేసేది లేక కాళ్ళాడించడం మానేసి, మొహం నీళ్ళలో పెట్టి ఊరుకున్నాను.

అప్పుడు వినిపించింది.

ముందు నా కడుపేమో అనుకున్నాను. అన్ని ఉప్పునీళ్ళు తాగినవాడికి అది సహజమే. కాదు. ఎక్కడో దూరంగా, లోతుగా, సన్నాయివాడు శ్రుతి చూసుకుంటున్నట్టు మొదలై, పైకి లేచి, మూలిగి, ఆగి, మళ్ళీ లేచేది. తిమింగలం పాడుతోంది. దానికి కళ్ళజోడుతో పని లేదు. చెవులకే కాదు, పక్కటెముకలకి కూడా వినిపించింది. భయం ఎటు పోయిందో పోయింది. నాకు తోచిన మొదటి మాట, ఇది ఇందు వినాలి అని. రెండోది, వినకుండా చేసినవాణ్ణి నేనే అని.

మాస్క్‌లోకి మళ్ళీ నీళ్ళు వచ్చాయి. ఈసారి లోపలినుంచి.

బోటెక్కేలోపు ఒక నిర్ణయానికి వచ్చాను. పాట సంగతి చెప్పకూడదు. చెబితే తనేం పోగొట్టుకుందో తెలిసిపోతుంది. చేపలంటే కార్డులో బొమ్మలున్నాయి, ఏదో సర్దుకోవచ్చు.

"కళ్ళజోడు ఇలా ఇవ్వు," అన్నాను ఆవిడ పక్కన కూలబడుతూ.

"తర్వాత పెట్టుకుందురు గాని. మరిచిపోకముందు చెప్పండి. చిలకచేప?"

"చూశాను."

"ఏ రంగు?"

"చిలక రంగే."

"హుముహుమునుకునుకుఆపుఆ?"

"అది కూడానూ. పేరు లాగే ఒళ్ళూ పొడుగు. ఇంత!"

"జానెడేగా ఉంటుంది?"

"ఇది బాగా తిన్నది."

ఒక్కొక్కటే అడిగింది, ఒక్కొక్కటే చూశానన్నాను. సీతాకోకచేప గుంపులో తప్పిపోయిన పిల్లని తల్లి వెతుక్కోవడం కూడా చూశాను. ఆవిడ ప్రతిదాని పక్కనా టిక్కు పెట్టింది. చివరికి ఇరవై నాలుగోది చూపించింది. నాకు గుండ్రటి పసుపు మరక కనిపించింది.

"ఓ, ఇవా! ఎక్కడ చూసినా ఇవే. గుంపులు గుంపులు!"

మేఘ కిసుక్కున నవ్వింది. "నాన్నా, అది..."

"మేఘా, జ్యూస్," అంది ఇందు. దాని పక్కన కూడా నిదానంగా టిక్కు పెట్టింది.

హోటల్‌కి వెళ్ళి కళ్ళజోడుతో చూసుకున్నాక తెలిసింది. ఇరవై నాలుగోది నిజమైన చేప కాదు, బోటు కంపెనీ గుర్తుగా వేసిన కార్టూన్ చేప. నల్లకళ్ళజోడు పెట్టుకుని, ఒక రెక్కలో కొబ్బరిబోండాం పట్టుకుని నవ్వుతోంది. తొందరలో ఇందు గమనించి ఉండదులే అని గుండె మీద చెయ్యి వేసుకున్నాను. మొగుళ్ళ ధైర్యం అలాంటి పునాదుల మీదే నిలబడుతుంది.

తిరిగొచ్చిన వారానికి నర్సింహ ఇంట్లో పార్టీ. నర్సింహ మా పక్క అపార్ట్‌మెంట్, కరీంనగర్ మనిషి, నన్ను 'అన్నా' అంటాడు.

"అన్నా, హవాయి ఎట్లుండె? ఎవరో తాబేలుకి దండం పెట్టిండ్రంట, మీ పాప చెప్తుంది. ఎవరన్నా?"

ఇరవై మంది నా వైపు తిరిగారు. "ఇంకెవరు, మీ వదినే!" అన్నాను. మూడు మాటలు. అంతే. అందరూ విరగబడి నవ్వారు. ఇందు కూడా నవ్వుతూ పాయసం గిన్నెలు అందించింది. పై వారం కథలో మునగడం చేరింది. ఆ పై నెల నేను ఈదడం చేరింది. అబద్ధానికి కాళ్ళుండవంటారు. నిజమే, ఫిన్స్ ఉంటాయి.

ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా కాదనలేదు. అదే నన్ను తినేసింది. తిట్టే భార్య ఉన్నవాడు అదృష్టవంతుడు, వాడి లెక్క ఏ రోజుకారోజు తేలిపోతుంది.

పోయిన నెల కార్డులు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. పిస్కాటవేలో చదువుతున్న మేఘ కూడా వచ్చింది, ఇప్పుడు దానికి ఇరవై. నర్సింహ గారె తుంచుతూ అడిగాడు.

"అన్నా, కార్డు వచ్చిన ఖుషీల ఒక్కసారి కూర్మం వదిన ముచ్చట చెప్పరాదు?"

నేను గొంతు సవరించుకున్నాను.

"నాన్నా, స్టాప్," అంది మేఘ. "ఇంకా ఎన్ని సార్లు? అమ్మని ఇంకా ఎన్ని సార్లు?"

లేచి నిలబడ్డాను. చెప్పేశాను. కాలవలో నేల మీద చేతులు, తన్నిన కాలు, ఎత్తిన మాస్క్, 'ప్రైమరీ అప్లికెంట్‌ని' అన్న ఆ మాట, చూడని ఇరవై మూడు చేపలూ, ఇరవై నాలుగో గుర్తూ. అన్నీ చెప్పి, ఎవరికీ చెప్పని పాట సంగతి కూడా చెప్పాను.

"ఇందూ, నువ్వు జీవితంలో ఒక్కటి అడిగావు. అదీ నేను లాక్కున్నాను," అన్నాను.

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "అయ్యిందా?"

"అయ్యింది."

"పెరుగు వేసుకుంటారా?"

"అమ్మా, చెప్పెయ్ ప్లీజ్," అంది మేఘ, నవ్వు ఆపుకోలేక ఎర్రబడిపోయి. "పదకొండేళ్ళ నుంచి దాస్తున్నా. ఇంక నా వల్ల కాదు."

"ఏం చెప్పాలి?" అన్నాను.

ఇందు పెరుగు గిన్నె బల్ల మీద పెట్టింది. "మీరు నీళ్ళలోకి దిగగానే మలీయా వచ్చి నా పక్కన కూర్చుందండీ. 'తాబేలు దగ్గర నేను చూసిన ఫిన్స్ పసుపువి. నీవి నీలానివి. నిజం చెప్పు,' అంది. గ్రీన్ కార్డు సంగతి చెప్పాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. తాబేలు గురించి కాదుట, కంగారుపడి పక్కవాళ్ళ మెడ పట్టుకునే మనిషి మళ్ళీ దిగితే ప్రమాదమనిట ఆవిడ గొడవ. 'మరి ఆయన దిగారే!' అన్నాను. 'బెల్టుకి తాడు కట్టే దింపాను, ఎటూ పోడు,' అంది."

ప్రవాహం కాదన్నమాట.

"తర్వాత నన్నూ మేఘనీ బోటుకి అవతలి పక్క నుంచి తనే దింపింది. అన్నీ చూశానండీ. చిలకచేప, సీతాకోకచేప, హుముహుము. జానెడే ఉంది. మీరొచ్చేసరికి ఎక్కేశాం. నా జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, 'ఎండ దెబ్బకి చెమటలు పడుతున్నాయి, తల మీద తువ్వాలు కప్పుకో' అన్నారు మీరు."

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. నర్సింహ కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు.

"పాట?" అన్నాను నేను మెల్లిగా.

"విన్నాను. వింటూ మీరు వింటున్నారో, దగ్గుతున్నారో అనుకున్నాను," అంది. ఆవిడ నవ్వలేదు. బోటుకి ఈ పక్క నేను, ఆ పక్క ఆవిడ, అదే పాట వింటూ, ఒకరికొకరం వినిపించాలని తహతహలాడిపోయామన్నమాట.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. హవాయి నుంచి వచ్చిన మర్నాడు మీరు, ఎవరూ అడక్కుండా, సింకులో గిన్నెలన్నీ తోమేశారు. ఆ మర్నాడూ తోమారు. అంతకుముందు ఆ సింకు ఎటుందో మీకు తెలీదు. ఎందుకు తోముతున్నారో నాకు అర్థమైంది. నిజం చెబితే మానేస్తారేమోనని..."

"పదకొండేండ్లా, వదినా!" అని నేల మీదనుంచి నర్సింహ రెండు చేతులూ జోడించాడు. ఆ రోజు మా ఇంట్లో అసలు కూర్మానికి దణ్ణం అదే.

కాబట్టి, గ్రీన్ కార్డు సాక్షిగా, ఈ చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చూడని చేపని చూశాననను. మోకాటి లోతుని ఈత అనను. నా కాలు చేసిన తప్పుకి మా ఆవిడ చెయ్యి ఎత్తనివ్వను. ఏ జలచరానికైనా నా కాలు తగిలిన పక్షంలో, ఒడ్డుకి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ప్రభుత్వం వారు నిర్ణయించిన దూరంలో నిలబడి మాత్రమే దణ్ణం పెడతాను.

ఇది రాసి ఇందుకి చదవమని ఇచ్చాను. మొత్తం చదివి, బాగుందని, అడుగున తన చేతిరాతతో ఒక్క ముక్క చేర్చింది: "గిన్నెల విషయంలో మార్పు లేదు."